పన్నెండు మందికీ ఒకే కుక్క

మొన్న మంగళవారం మధ్యాహ్నం, నార్త్ యార్క్‌లో మా ఆఫీసు లంచ్ రూములో పెరుగన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. చూస్తే గ్వెల్ఫ్‌లో చదువుకున్న రోజుల మా వాట్సాప్ గ్రూపు. ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్న గ్రూపు అది. అప్పటి నా రూమ్మేటు లావణ్య మెసేజ్ పెట్టింది, విజయవాడలో సారు పోయారట, గుండెపోటని. ఆ వెనకే ఒకరి తర్వాత ఒకరు. ‘గొప్ప గురువు.’ ‘మా జీవితాలకు దారి చూపిన మహానుభావులు.’ ‘సార్ లేని లోటు తీరనిది.’ ప్రతి దాని చివరా రెండు చేతులు జోడించిన బొమ్మలు.

నేనేమీ పెట్టలేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆయన గొప్ప గురువు కాదు. అసలు గురువే కాదు. మాతోపాటు అదే క్లాసులో, అదే బెంచీ మీద కూర్చున్న స్టూడెంటు. సప్లై చైన్ డిప్లొమా చదవడానికి ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో వచ్చాడు. అంతకుముందు విజయవాడలో ఒక ఇంటర్ కాలేజీలో పద్నాలుగేళ్ళు ఫిజిక్స్ చెప్పాడు. ఆ రెండు మూడేళ్ళూ టొరంటోలో దిగే ఏ విమానంలో చూసినా మన పిల్లలే. ఇరవై రెండేళ్ళ మా గుంపులో ఈయనొక్కడే పెద్దవాడు కావడంతో మొదటి రోజే ఎవడో ‘సార్’ అన్నాడు. అంతే, ఆయన నిజంగానే సారైపోయాడు.

జేబులో నాలుగు రంగుల రీఫిల్ పెన్ను. వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసే షిఫ్టుకు కూడా చొక్కా టక్ చేసుకుని వచ్చేవాడు. మాట్లాడటం ముగించాక రెండు అరచేతులూ ఒకదానికొకటి తట్టి దులుపుకునేవాడు. ఈ దేశంలో సుద్దముక్క కంటబడి ఎన్నాళ్ళయిందో, చేతులు మాత్రం దులుపుకునేవాడు. అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండించేది ఇంకొకటుంది. ఏ వాక్యమూ పూర్తిగా చెప్పడు. చివరి మాట సగంలో ఆపి మన నోట పలికించాలి. మన దగ్గర క్లాసులో అది అందరికీ అలవాటే, ఒప్పుకుంటాను. ఈయన వంటింట్లో కూడా అంతే.

“గ్లాసు బియ్యానికి నీళ్ళెన్నమ్మా? రెండు గ్లా...?”

“సులు సార్.”

“బస్సు ఎక్కేముందు ఏం చూసుకోవాలి? కా...?”

“ర్డు సార్.”

మిగతా పదకొండు మందిమీ గొర్రెల్లా అందించేవాళ్ళం. నేనూ అందించేదాన్ని, మనసులో తిట్టుకుంటూ.

సెర్బియన్ భాష మా నెత్తిన పడింది ఈయన వల్లే. డిసెంబరుకు మా డిప్లొమా పూర్తవ్వాలంటే ఆ ఎండాకాలం ఒక ఎలెక్టివ్ చేసి తీరాలి. పూర్తి కాకపోతే వర్క్ పర్మిట్‌కు అప్లై చేయడానికి లేదు. పోర్టల్ తెరిచేసరికి మంచివన్నీ నిండిపోయాయి. ఏ కోర్సయినా సరే, అందులో ఏం నేర్పుతారని మనవాళ్ళు అడగరు. ఈజీనా, సీనియర్లు ఎవరైనా చేశారా, ఈ రెండే ప్రశ్నలు. సారు తను అద్దెకుండే బేస్‌మెంట్‌లో మీటింగు పెట్టి లాప్‌టాప్ మా వైపు తిప్పాడు. సెర్బియన్ భాషా సంస్కృతుల సమ్మర్ స్కూల్, ఆరు వారాలు, సీట్లన్నీ దాదాపు ఖాళీ.

“లాంగ్వేజ్ పేపరు నాన్నా. స్కోరింగ్ సబ్జెక్టు. ఇంటర్లో సాంస్క్రిట్ తీసుకున్నవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు.

అందరం ఎత్తాం.

“ఒక్క ముక్క సాంస్క్రిట్ మాట్లాడటం వచ్చినవాళ్ళు ఉంచండి.”

అందరం దించేశాం.

“మార్కులెన్ని వచ్చినయ్?”

తొంభై ఏడు, తొంభై తొమ్మిది, తొంభై ఎనిమిది. నాకు తొంభై తొమ్మిది.

“చూశారా. ఇదీ అం...?”

“తే సార్.”

అలా మేం పన్నెండు మందిమి ఆ క్లాసులో కూలబడ్డాం. మాతోపాటు ఇంకో ఐదుగురు ఉన్నారు. అందరూ కెనడాలో పుట్టిన సెర్బియన్ల పిల్లలు, అమ్మమ్మలతో వాళ్ళ భాషలో మాట్లాడాలని వచ్చినవాళ్ళు. మమ్మల్ని చూసి మొదటి రోజు వాళ్ళు రూము తప్పు వచ్చామనుకుని బయటికెళ్ళి నంబరు చూసుకున్నారు. పాఠం చెప్పేది డెబ్భై ఏళ్ళావిడ, అక్కడి నుంచే వలస వచ్చిన మనిషి. తెల్లని పొట్టి జుట్టు, గొలుసుకు వేలాడే కళ్ళజోడు. మీకు మా భాష ఎందుకు కావాలని ఒక్కొక్కరినీ అడిగింది. సారు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, “బికాజ్ ఇట్ ఈజ్ ఎ గ్రేట్ కల్చర్ మేడమ్” అన్నాడు. మిగతా పదకొండు మందిమీ అదే చెప్పాం. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

మూడో రోజుకల్లా సారు ‘మెటీరియల్’ దింపాడు. ఇరవై నాలుగు పేజీలు. సెర్బియన్ మాటలన్నీ తెలుగు లిపిలో, కింద ఇంగ్లీషు అర్థం, ముఖ్యమైన వాటికి ఎర్ర పెన్నుతో చుక్కలు. మూడు చుక్కలంటే గ్యారంటీగా వచ్చే ప్రశ్న. “మార్పులు చెయ్యొద్దమ్మా. మార్చితే గ్రామర్ పోద్ది” అని హెచ్చరిక. సెర్బియన్ అక్షరాలు ముత్యాల్లా రాసేవాడు. మాట్లాడమంటే మాత్రం బిట్లు బిట్లుగా అప్పజెప్పడమే. ఆవిడ ‘బాగున్నారా’ అని అడిగితే, ఆ ప్రశ్న ఉన్న రెండో పాఠం మొత్తం వల్లించేవాడు, పోస్టాఫీసుకు దారితో సహా.

నిజం చెప్పాలంటే నాకు ఆ మెటీరియల్‌తో పని లేదు. సాయంత్రాలు నేను ఒక కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేసేదాన్ని. మా లైన్లో ఒక సెర్బియన్ ఆంటీ ఉండేది. ఇంగ్లీషు అంతంతమాత్రం. నెమ్మదిగా, చాలు, ఇటివ్వు, తిన్నావా, మీ అమ్మ ఫోన్ చేసిందా, ఇలా ఆవిడతో మొదలుపెట్టి, రెండు నెలలు తిరిగి క్లాసు మొదలయ్యేనాటికే బాగానే వాగేదాన్ని. ఆవిడ నా తప్పులకు నవ్వేది, నేను మళ్ళీ చెప్పేదాన్ని. ఈ సంగతి క్లాసులో చచ్చినా చెప్పలేదు. చెప్తే సారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ‘మెటీరియల్ పార్ట్ టూ’ రాయిస్తాడని నా భయం. అందుకని కిటికీ పక్కన కూర్చుని, ఆయన అప్పజెప్పినప్పుడల్లా చేత్తో మూతి కప్పుకుని నవ్వుకునేదాన్ని.

నాలుగో వారం ప్రొఫెసరుగారు క్లాసంతటినీ ఇంటికి పిలిచింది. సంస్కృతి భాగానికి అదే పాఠం. వాళ్ళింటికి ఎవరు వెళ్ళినా ముందు ఒక పళ్ళెంలో చెర్రీ పాకం గిన్నె, స్పూన్లు, మంచినీళ్ళ గ్లాసులు తెస్తారు. ఒక్కొక్కరూ ఒక స్పూను తీసుకుని, గిన్నెలోంచి ఒక్కసారి పాకం తీసి నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగి, ఆ స్పూనును గ్లాసులో వేసేయాలి. ఇది పుస్తకంలో ఉంది. సారు చదివాడు, చదివి కంగారుపడ్డాడు. బస్సులో మాకు క్లాసు పీకాడు.

“ఒకటే గిన్నె, పన్నెండు స్పూన్లు. ఎవడో ఒకడు నోట్లో పెట్టిన స్పూను మళ్ళీ ముంచుతాడు. అంతా ఎంగిలి. కాబట్టి మనం ఏం చేస్తామంటే, తీర్థం ఎట్టా తీసుకుంటామో అట్టా. అరచేతిలో పోసుకుని...”

చేశాం. ఆవిడ పళ్ళెం పట్టుకుని ముందు నిలబడితే సారు స్పూను నిండా పాకం తీసి, కుడి అరచేతిలో పోసుకుని, వంగి నోటికి అందుకుని, అలవాటుకొద్దీ ఆ చెయ్యి తలకు రాసుకున్నాడు. పాకం జుట్టుకు అంటింది. తర్వాత లావణ్య, ఆ తర్వాత మిగతావాళ్ళు. పన్నెండు అరచేతులు, పన్నెండు జిగట తలలు. నా వంతు వచ్చింది. ఫ్యాక్టరీ ఆంటీ ఇంట్లో ఈ పాకం రెండుసార్లు తిన్నాను, ఎలా తినాలో నాకు బాగా తెలుసు. అయినా నేనూ అరచెయ్యి చాచాను. తలకూ రాసుకున్నాను.

ఆ ఐదుగురు సెర్బియన్ పిల్లలు గోడ వైపు తిరిగి నవ్వుతున్నారు. ప్రొఫెసరుగారు మాత్రం నవ్వలేదు. లోపలికెళ్ళి తడిపిన తువ్వాళ్ళు తెచ్చి ఇచ్చి, ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది.

“ఇలా చేయాలని మీకు ఎవరు చెప్పారు?”

అందరం సారు వైపు చూశాం. ఆవిడా చూసింది.

తర్వాత రెండు వారాలకు నోటి పరీక్ష. ఒక్కొక్కరూ లోపలికెళ్ళి ‘మీ కుటుంబం’ గురించి మూడు నిమిషాలు మాట్లాడాలి. మెటీరియల్‌లో దానికి మూడు చుక్కలు, కింద మోడల్ ఆన్సరు. మా కుటుంబం చిన్నది. నాన్న రైల్వేలో పని చేస్తాడు. అమ్మ నర్సు. అన్నయ్య చెస్ ఆడతాడు. మాకు ఒక కుక్క ఉంది. కుక్క పేరు బోబీ. బోబీ నన్ను చాలా ప్రేమిస్తుంది.

మా నాన్నకు తెనాలిలో మందుల షాపు. నాకు అన్నయ్య లేడు. కుక్కలంటే నాకు చచ్చేంత భయం.

నా వంతు తొమ్మిదోది. బయట వరండాలో కూర్చుని సొంతంగా చెప్పాలనే అనుకున్నాను. మాటలన్నీ వరసగా వస్తున్నాయి కూడా. లోపలికి వెళ్ళి ఆవిడ ముఖం చూడగానే, ఒక్క మాట తప్పితే పర్మిట్ పోతుందనే భయం పట్టుకుంది. మెటీరియల్ అయితే గ్యారంటీ. నోరు దానంతటదే తెరుచుకుని రైల్వే నాన్ననూ నర్సు అమ్మనూ చెప్పేసింది. బోబీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“బోబీ ఏ రంగు?” అని సెర్బియన్‌లో అడిగింది.

“నలుపు” అన్నాను.

“ఇప్పటివరకు రెండు తెల్లవి, ఒకటి గోధుమరంగు. మిగతా ఐదుగురికి ప్రశ్నే అర్థం కాలేదు” అంది ఆవిడ ఇంగ్లీషులో. “వెళ్ళు.”

మర్నాడు పన్నెండు మందికీ ప్రొఫెసరుగారి నుంచి మెయిల్ వచ్చింది. అందరివీ ఒకే జవాబులు. ఈ పాఠం ఎవరు తయారుచేశారో శుక్రవారంలోగా ఎవరికి వాళ్ళు విడిగా ఉత్తరం రాయాలి. నిజం రాసినవాళ్ళకు మళ్ళీ పరీక్ష పెడుతుంది. రాయనివాళ్ళకు సున్నా.

అందరం సారు బేస్‌మెంట్‌లో చేరాం. ఆయన అల్లం టీ పెట్టాడు, కప్పులు చాలకపోతే గిన్నెల్లో పోశాడు. అప్పటికే ఆయనకు ఒక సబ్జెక్టు పోయింది. ఇంకొకటి పోతే ప్రోగ్రామ్‌లోంచి తీసేస్తారు, సామాను సర్దుకుని పోవడమే. భార్యకూ కూతురికీ వీసా అప్లై చేయాలని ఆయన కాగితాలు పోగుచేస్తున్నాడు. ఈ సంగతి ఆ గదిలో తెలియనివాడు లేడు.

“కంగారుపడొద్దు నాన్నా” అన్నాడు. “అందరం ఒకటే మాట మీద ఉండాలి. మెటీరియల్ ఎవరూ రాయలేదు. మనకి అది దొరికింది. ఎక్కడ దొరికింది? ఇంటర్నె...?”

ఒక్కడూ అందించలేదు.

లావణ్య టీ గిన్నె వంక చూస్తోంది. ఎవడో ఫోన్ తీశాడు. సారు మా ముఖాల్లోకి చూశాడు. “ట్లో” అని తనే పూర్తి చేసుకున్నాడు. ఈసారి చేతులు దులుపుకోలేదు.

నాకు జాలి కలగలేదు. కలిగిందని ఇప్పుడు రాస్తే పచ్చి అబద్ధం. ఈయన పిచ్చి చుక్కల వల్ల నా రెండేళ్ళ చదువు గంగలో కలిసేట్టుందని పళ్ళు నూరుకుంటూ రూముకొచ్చాను. వచ్చీ రాగానే ఉత్తరం రాశాను. ఆయన పూర్తి పేరు, రూము అడ్రసు, మెటీరియల్ ఇచ్చిన తేదీ, అన్నీ రాశాను. మార్పులు చేయొద్దని ఆయన బెదిరించాడని కూడా రాశాను. బెదిరించలేదు. ‘అమ్మా’ అని చెప్పాడు, అంతే. పక్క మంచం మీద లావణ్య కూడా ఏదో టైపు చేస్తోంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

సోమవారం ప్రొఫెసరుగారు నన్ను ఒక్కదాన్నే పిలిచింది. వెళ్ళేసరికి బల్ల మీద ఒక పక్క ప్రింటు తీసిన కాగితాల దొంతర, ఇంకో పక్క విడిగా చేత్తో రాసిన రెండు పేజీలు. దొంతర మీద వేలు పెట్టింది.

“ఇవి పదకొండు. అన్నిట్లో ఒకే పేరు. మీ వాళ్ళు వేరుగా రాసినా ఒకే జవాబు రాస్తారు.”

నేను తల దించుకున్నాను.

“ఇది పన్నెండోది.” ఆ రెండు పేజీలూ నా ముందుకు జరిపింది. “నువ్వు చదువు. చదివి అర్థం చెప్పు. ఇదే నీ పరీక్ష.”

వాళ్ళ లిపిలో ముత్యాల్లాంటి అక్షరాలు. చూడగానే ఎవరిదో తెలిసింది. మొదటిసారి ఆయన రాతలో మెటీరియల్ వాక్యం ఒక్కటీ లేదు. ఎక్కడికక్కడ కొట్టివేతలు. చిన్న చిన్న మాటలు, నాలుగో తరగతి పిల్లవాడు రాసినట్టు. నేను ఒక్కో వాక్యమే చదివి ఇంగ్లీషులో అర్థం చెప్పుకుంటూ పోయాను. తెలుగులో అది ఇలా ఉంటుంది.

‘గౌరవనీయ ప్రొఫెసరుగారికి. కాగితాలు నేను రాశాను. పిల్లలు రాయలేదు. నేను టీచరును. మా ఊళ్ళో నేను ఇలా నేర్పుతాను. అక్కడ పిల్లలు పాసవుతారు, వాళ్ళ ఇంట్లో సంతోషిస్తారు. ఇక్కడ ఇది చెడ్డది. నాకు తెలియలేదు. పిల్లలు నా పేరు మీకు చెబుతారు. వాళ్ళు చెప్పేది నిజం. సున్నా నాకు ఇవ్వండి.’

రెండో పేజీ తిప్పాను.

‘కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి నన్ను చూసి నవ్వుతుంది. ఆమెకు నా కాగితం అక్కర్లేదు. ఇప్పుడు నేను ఆమె ఫ్యాక్టరీలో వెనక గదిలో ప్యాకింగ్ చేస్తాను. ఆమె నన్ను చూడలేదు. అక్కడ ఆమె మీ భాష మాట్లాడుతుంది, నేను విన్నాను. చాలా బాగా మాట్లాడుతుంది. పరీక్షలో భయపడి నా కుక్క గురించి చెప్పింది. ఆమెను ఇంకొక ప్రశ్న అడగండి.’

ఇక్కడికి వచ్చేసరికి అర్థం చెప్పడం ఆపేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ నీళ్ళివ్వలేదు, ఓదార్చలేదు. అర్థం చెప్పేదాకా ఊరుకోలేదు. ‘ఆమెను ఇంకొక ప్రశ్న అడగండి’ అని పైకి చెప్పించింది.

“నీ ఉత్తరంలో ఇతను బెదిరించాడని ఉంది” అంది.

నేను ఆ రెండు పేజీలూ సర్ది బల్ల మీద పెట్టాను.

“పాస్” అని కాగితం మీద రాసుకుని, తలుపు చూపించింది.

మిగతా పది మందికి తర్వాతి వారం మళ్ళీ పరీక్ష పెట్టింది, ఏడ్చో మొత్తుకునో అందరూ గట్టెక్కారు. సారుకు ఆయన అడిగిన సున్నానే ఇచ్చింది. ప్రోగ్రామ్‌లోంచి తీసేశారు.

ఆయన ఇంకో పన్నెండు రోజులు గ్వెల్ఫ్‌లోనే ఉన్నాడు, మా రూముకు రెండు బస్‌స్టాపుల దూరంలో. ఆ పన్నెండు రోజులూ ఆయన్ని తిట్టుకుంటూనే గడిపాను. ఎవరడిగారు ఈయన్ని ఆ రెండో పేజీ రాయమని, అని. ఇప్పటికీ ఆ మాటే అంటాను. ఎవరడిగారు. ఆ రెండో పేజీ గురించి లావణ్యకు కూడా చెప్పలేదు.

వెళ్ళే ముందు రోజు గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ‘రేపు ఆదివారం టొరంటో ఎయిర్‌పోర్టుకు ఎవరైనా డ్రాప్ చేయగలరా నాన్నా. రెండు పెద్ద సూట్‌కేసులు ఉన్నాయి. బస్సులో కష్టం.’ పదకొండు మందిమీ చూశాం. మాలో అప్పటికి కారు కొన్నది ఇద్దరమే. రెండోవాడు మాట్లాడలేదు. గంట ఆగి నేను రాశాను, ‘సారీ సార్, రేపు నాకు షిఫ్ట్ ఉంది’ అని.

‘పర్లేదమ్మా. పని ముఖ్యం’ అని వెంటనే జవాబిచ్చాడు.

ఆయన చేసేదీ అదే ఫ్యాక్టరీ. ఆదివారాలు అది మూసి ఉంటుందని ఆయనకు తెలుసు.